సంచి మారింది సరే, వాడకం?

సూపర్ మార్కెట్లో సామాన్లన్నీ కౌంటర్ బల్ల మీద పెట్టాక ఇప్పుడు ఎవరికైనా ఎదురయ్యే మాట ఒక్కటే: ‘బ్యాగ్ కావాలాండీ?’ కావాలంటే బిల్లులో ఐదో పదో ఇరవయ్యో కలుస్తుంది. ఒకప్పుడు అడక్కుండానే రెండు మూడు కవర్లు లాగి సరుకులు వేసి ఇచ్చిన చోట ఇప్పుడు గోధుమరంగు కాగితం సంచులు, రంగురంగుల మడత సంచులు వేలాడుతున్నాయి. చాలావాటి మీద ఒక ఆకు బొమ్మ, భూమిని కాపాడమనే నినాదం ఉంటాయి. కొన్నవాళ్లు మంచిపని చేశామనుకుంటారు, అమ్మినవాళ్లూ అలాగే అనుకుంటారు. పల్చటి ప్లాస్టిక్ కవరు పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ దాని స్థానంలో ఏ సంచి వచ్చిందన్నదాని కన్నా, వచ్చిన సంచిని ఎన్నిసార్లు వాడుతున్నామన్నది పెద్ద ప్రశ్న. ఇరవయ్యేళ్లకు పైగా రకరకాల దేశాలు చేసిన ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. దుకాణం సంచి రకాన్ని మార్చి ఊరుకున్న చోట చెత్త రూపం మారిందే గానీ భారం తగ్గలేదు. జనం చేతిలో సంచితో దుకాణానికి వచ్చేలా చేసిన చోట మాత్రం తగ్గింది.

ఈ కవరు ప్రపంచాన్ని ఎందుకంత త్వరగా ఆక్రమించిందో ముందు తెలియాలి. స్వీడన్‌లో సెల్లోప్లాస్ట్ కంపెనీ ఇంజినీరు స్టెన్ గుస్టాఫ్ థులిన్ రూపొందించిన సంచికి 1965లో పేటెంటు దక్కింది. గొట్టంలా వచ్చే ప్లాస్టిక్ పొరను మడిచి, అడుగున వేడితో అతికించి, పైన మధ్యభాగం కోసేస్తే రెండు పక్కలా చేతిపట్టులు మిగులుతాయి. బనియన్ ఆకారంలో ఉండే ఈ సంచికి కుట్టు లేదు, జిగురు లేదు. కాగితం సంచుల కోసం చెట్లు కొట్టేయడం తగ్గాలన్నది తన తండ్రి ఉద్దేశమనీ, ఆయన ఒక సంచిని జేబులో పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడేవాడనీ థులిన్ కొడుకు తరవాతి కాలంలో చెప్పాడు. వ్యాపారులకు మాత్రం అందులో కనిపించింది వేరు. నీటికి తడవదు, తక్కువ చోటులో వేలకొద్దీ పడతాయి, ఖరీదు దాదాపు లేనట్టే. అమెరికాలో సేఫ్‌వే, క్రోగర్ లాంటి పెద్ద సూపర్ మార్కెట్ సంస్థలు 1982లో వీటిని వాడడం మొదలుపెట్టాయి. పదే పదే వాడుకునేంత గట్టిగా తయారైన వస్తువు, ఉచితంగా ఇవ్వగలిగేంత చవక కావడంతో ఒక్కసారి వాడి పారేసేదిగా మారింది. ఈ కథలో తప్పు పదార్థానిది ఎంతో, ఉచితంగా దొరకడానిది అంతకన్నా ఎక్కువ.

ఇక ప్రత్యామ్నాయాల సంగతి. ఇంగ్లండ్ పర్యావరణ ఏజెన్సీ 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. సూపర్ మార్కెట్లలో దొరికే సంచులను తూచి, ముడిసరుకు దగ్గర్నుంచి చెత్తలో చేరేదాకా ఒక్కో సంచి వల్ల వాతావరణం మీద పడే భారం ఎంతో లెక్కగట్టింది. మామూలు పల్చటి కవరు బరువు 8 గ్రాములు. అదే పని చేసే కాగితం సంచి 55 గ్రాములు. మందపాటి ప్లాస్టిక్ సంచి 35, నేయకుండా పోగులు అతికించి చేసే నాన్ వోవెన్ సంచి 116, నూలు సంచి 183 గ్రాములు. బరువు పెరిగేకొద్దీ ముడిసరుకు, కరెంటు, లారీ రవాణా అన్నీ పెరుగుతాయి. అందుకే ఒక్కసారి వాడి పారేసిన పల్చటి కవరుతో సమానం కావాలంటే కాగితం సంచిని 3 సార్లు, మందపాటి ప్లాస్టిక్‌ను 4 సార్లు, నాన్ వోవెన్‌ను 11 సార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలని తేలింది. 2018లో డెన్మార్క్ ప్రభుత్వ సంస్థ ప్రచురించిన మరో అధ్యయనం నుంచి ఒక అంకె బాగా ప్రచారంలోకి వచ్చింది: సేంద్రియ నూలు సంచిని 20,000 సార్లు వాడితే గానీ ప్లాస్టిక్‌తో సరితూగదట. ఆ అంకె ఓజోన్ పొర మీది ప్రభావంతో సహా అన్ని రకాల ప్రభావాలనూ కలుపుకుని చెప్పింది. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే, అదే అధ్యయనం ప్రకారం, మామూలు నూలు సంచికి 52 సార్లు, సేంద్రియ నూలుకు 149 సార్లు చాలు. వారానికోసారి సరుకులకు వెళ్లే ఇంట్లో 52 అంటే ఒక్క ఏడాది. గట్టి నూలు సంచికి అదేం పెద్ద వయసు కాదు.

ఈ లెక్కలు చూపించి, ‘అయితే పల్చటి కవరే మేలు కదా’ అనేవాళ్లున్నారు. ప్లాస్టిక్ తయారీదారుల వాదన కూడా అదే. దీన్ని కొట్టిపారేయకూడదు, కానీ ఇందులో సగం లెక్కే ఉంది. ఆ అధ్యయనాలు ఫ్యాక్టరీ పొగనూ రవాణా ఖర్చునూ తూచాయి. సంచి కాలవలోకి, పొలంలోకి, పశువు కడుపులోకి చేరితే జరిగే నష్టాన్ని తూచలేదు. చెత్తంతా బండిలోకెక్కి డంపింగ్ యార్డుకో కాల్చే కేంద్రానికో చేరే దేశంలో మొదటి లెక్క చాలావరకు సరిపోవచ్చు. మన దగ్గర రెండో లెక్కే బరువైనది. 1988, 1998 వరదల్లో పల్చటి సంచులు కాలవలకు అడ్డుపడి నీరు పోనివ్వలేదన్న అనుభవంతోనే బంగ్లాదేశ్ 2002లో వాటిని నిషేధించింది. పుట్టపర్తిలో పశువులను సంరక్షించే కరుణ సొసైటీ, ఆవుల కడుపులు కోసి కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటికి తీసిన అనుభవంతో 2012లో మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. మిగిలిన అన్నం, కూరగాయ తొక్కలు కవర్లో వేసి ముడేసి పారేస్తాం. ఆవుకు ముడి విప్పడం రాదు, వాసనకు కవరుతో సహా మింగేస్తుంది. మింగింది అరగదు, బయటికి రాదు, మొదటి పొట్టలో పేరుకుపోతుంది. కొన్ని గ్రాముల బొగ్గుపులుసు వాయువు తగ్గిందన్న లెక్క ఈ నష్టాన్ని పూడ్చదు. కాబట్టి పల్చటి కవరు రెండో లెక్కలో ఓడిపోతుంది. ఒకటి రెండుసార్లు వాడి పడేస్తే మిగతా సంచులన్నీ మొదటి లెక్కలో ఓడిపోతాయి. రెండు లెక్కల్లోనూ నెగ్గేది ఒక్కటే: దేంతో చేసినా సరే, పదే పదే వాడిన సంచి.

జనం చేత అలా వాడించడం ఎలా? దీనికి అందరికన్నా స్పష్టంగా జవాబిచ్చింది ఐర్లండ్. 2002 మార్చి 4 నుంచి దుకాణంలో ఇచ్చే ప్రతి ప్లాస్టిక్ సంచికీ 15 సెంట్ల సుంకం వేసింది. అప్పటిదాకా తలకు ఏడాదికి 328 సంచులు వాడేవాళ్లు, ఆ తరవాత 21కి దిగారు. కొన్నాళ్లకు ఆ ధర అలవాటైపోయి వాడకం మళ్లీ మెల్లగా పెరుగుతుంటే 2007లో సుంకాన్ని 22 సెంట్లు చేశారు. ఇంగ్లండ్ 2015 అక్టోబరులో పెద్ద దుకాణాల్లో సంచికి 5 పెన్నీలు తప్పనిసరి చేసింది. అంతకు ముందు ఏడాది ఏడు పెద్ద సూపర్ మార్కెట్ సంస్థలే 760 కోట్ల పల్చటి సంచులు ఇచ్చాయి. ఆ సంఖ్య తరవాతి ఏళ్లలో 95 శాతానికి పైగా పడిపోయింది. 2021లో ధర 10 పెన్నీలకు పెంచి చిన్న దుకాణాలకూ వర్తింపజేశారు. సముద్రతీరాల్లో ఏరిన చెత్తలోనూ మార్పు కనబడింది. అమెరికాలో వందల చట్టాలనూ తీరాల శుభ్రత కార్యక్రమాల లెక్కలనూ కలిపి చూసిన పరిశోధన ఒకటి 2025లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. నిషేధమో సుంకమో ఉన్న చోట, అవేవీ లేని చోట్లతో పోలిస్తే, ఏరిన వస్తువుల్లో ప్లాస్టిక్ సంచుల వాటా 25 నుంచి 47 శాతం దాకా తగ్గిందని అది చెప్పింది. చిన్న ధరకే జనం మారడాన్ని, పది పైసలు మిగుల్చుకోవడానికి పది మైళ్లు నడిచే మనస్తత్వం అని వెక్కిరించనక్కర్లేదు. ఉచితంగా ఇస్తే ఆలోచించం, చిన్న ధర పెడితే ఒక్క క్షణం ఆగుతాం. ఆ ఒక్క క్షణం చాలు.

అయితే ఇదే ఇంగ్లండ్ కథలో రెండో అధ్యాయం ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. 5 పెన్నీల నిబంధన 70 మైక్రాన్ల వరకు మందమున్న ఒక్కసారి వాడే సంచులకే వర్తించింది. దాంతో సూపర్ మార్కెట్లు అంతకన్నా మందమైన సంచులను ‘జీవితాంతం వాడే సంచి’ పేరుతో ఎక్కువగా ముందుకు తెచ్చాయి. చిరిగితే కొత్తది ఉచితంగా మార్చి ఇస్తామన్నది అసలు ఆలోచన. ధర పది పెన్నీల దగ్గర్లోనే ఉండడంతో జనం ఇంటి దగ్గర మర్చిపోయిన ప్రతిసారీ మరోటి కొనేశారు. 2018లో బ్రిటన్ సూపర్ మార్కెట్లు అలాంటివి 150 కోట్లు అమ్మాయని పర్యావరణ సంస్థల నివేదిక తేల్చింది. అంటే ఇంటికి సుమారు 54 ‘జీవితాంతం’ సంచులు! ఒక్కోదానిలో పల్చటి కవరుకు నాలుగింతల ప్లాస్టిక్. కాలిఫోర్నియాది ఇంకా పెద్ద పాఠం. 2016లో ప్రజల ఓటుతో ఖాయమైన అక్కడి నిషేధం పల్చటి సంచులను తీసేసి, మందపాటి వాటిని పది సెంట్లకు అమ్మనిచ్చింది. అవి 125 సార్లు వాడదగ్గవని చట్టం ఉద్దేశం. చాలామంది ఒకసారే వాడారు. 2004లో తలకు 8 పౌండ్లుగా ఉన్న ప్లాస్టిక్ సంచుల చెత్త 2021కి 11 పౌండ్లయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. 2024లో మళ్లీ చట్టం చేసి, 2026 జనవరి నుంచి కౌంటర్ల దగ్గర ప్లాస్టిక్ సంచి ఏ మందందైనా ఇవ్వకూడదన్నారు. సంచి గట్టిగా ఉన్నంత మాత్రాన వాడకం పెరగదు. దాన్ని పారేయడం నష్టమనిపించేంత ధర, వెంట తెచ్చుకునేంత వీలు రెండూ ఉండాలి.

మన దేశం ఎంచుకున్న దారి మందం మీద నడుస్తోంది. క్యారీ బ్యాగు కనీస మందం 2011లో 40 మైక్రాన్లు, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. ఇందులో తర్కం ఉంది. పల్చటి కవర్లు కిలో పోగు చేయడానికి చెత్త ఏరుకునేవాళ్లకు వందకు పైనే కావాలి, మురికి పట్టినవాటిని పాత సామాన్ల కొట్టువాడు తీసుకోడు కూడా. మందం పెరిగితే ఏరడం గిట్టుబాటవుతుంది. తయారీ ఖర్చు పెరుగుతుంది గనక వ్యాపారి ఊరికే ఇవ్వడని మరో ఆశ. మన నిబంధనల్లో ఒకప్పుడు ధర సూత్రం నేరుగానే ఉండేది. 2011 నిబంధనలు క్యారీ బ్యాగులను ఉచితంగా ఇవ్వకూడదన్నాయి. 2016 నిబంధనలు సంచులిచ్చే దుకాణదారు స్థానిక సంస్థ దగ్గర నమోదై నెలకు కనీసం 4,000 రూపాయలు కట్టాలన్నాయి. 2018 సవరణలో ఆ నిబంధనను తీసేశారు. ఐర్లండ్‌లో పనిచేసిన సూత్రాన్ని వదులుకుని, మైక్రోమీటరు పెడితే గానీ తెలియని మందాన్ని పట్టుకున్నాం. రైతు బజారులో కూరగాయల గంప దగ్గర కూచున్నావిడ ఇచ్చే కవరు 120 మైక్రాన్లో 30 మైక్రాన్లో కంటితో చెప్పడం ఎవరి తరం? సూపర్ మార్కెట్లు మాత్రం నిబంధనకు లోబడ్డాయి. తప్పు బయటపడితే జరిమానా పడుతుంది, పరువూ పోతుంది గనక.

అలా లోబడడంలో చేరినదే నాన్ వోవెన్ సంచి. తెలుగు ఊళ్లలో సూపర్ మార్కెట్ నుంచి చీరల దుకాణం దాకా, పెళ్లిలో తాంబూలం సంచి దాకా ఇప్పుడు రాజ్యం దానిదే. చాలామంది దాన్ని గుడ్డ సంచి అనుకుని తీసుకుంటారు. ఒకటి చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూడండి. నేతలో ఉండే పడుగూ పేకా కనిపించవు. ఎటు పడితే అటు పరుచుకున్న సన్నని పోగులు, వాటి మధ్య వరసగా చిన్న చిన్న చుక్కలు ఉంటాయి. పోగులను వేడి రోలరుతో నొక్కి అతికించిన గుర్తులే ఆ చుక్కలు. ఆ పోగులు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. ఒక పోగును కాలిస్తే నూలులా బూడిద కాదు, ముడుచుకుని కరిగి గట్టి పూసలా మిగులుతుంది. డాబా మీద ఎండలో కొన్నాళ్లు వదిలేస్తే పట్టుకోగానే పొట్టులా రాలిపోతుంది, ఆ పొట్టును ఏరడం ఎవరివల్లా కాదు. మన నిబంధనలకు చేసిన 2021 సవరణ చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా తక్కువ బరువున్న నాన్ వోవెన్ సంచులు చేయకూడదంది. ఇదంతా చెప్పినా ఈ సంచి పనికిరానిదేం కాదు. నీడపట్టున ఉంచి, ఇరవై ముప్పైసార్లు వాడితే పల్చటి కవరు కన్నా ఎంతో మేలు. కానీ వారానికి రెండు చొప్పున ఇంట్లోకి వచ్చి మంచం కింద పేరుకుంటే, మనం చేసిందల్లా 8 గ్రాముల ప్లాస్టిక్‌ను వదిలి బరువైన ప్లాస్టిక్‌ను ఎత్తుకోవడమే.

కాగితం సంచి పశువు కడుపులో పేరుకోదు, కాలవలో నాని కరిగిపోతుంది. రెండో లెక్కలో దానికి మార్కులు వెయ్యాల్సిందే. బ్రిటన్‌లో మారిసన్స్ సంస్థ 2021లో ‘జీవితాంతం’ ప్లాస్టిక్ సంచులను ఆపి కాగితానికి మారింది. కానీ మన వాడకంలో దానికో చిక్కుంది. ఇక్కడ సరుకులు చాలావరకు కారు డిక్కీలో పోవు, బండి ముందు కొక్కేనికి వేలాడుతూ పోతాయి. పాల పాకెట్లకు పట్టిన చెమ్మ, పెరుగు డబ్బా చల్లదనం, ఒక గుంత కుదుపు చాలు, కాగితం పిడి ఊడిపోతుంది. మూడుసార్లు వాడాల్సిన సంచి ఒక్కసారి కూడా ఇంటిదాకా రాదు. ఇక కుళ్లిపోయే సంచులు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల సాయంతో మొక్కజొన్న పిండి నుంచి తయారైన సంచులను 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర ప్రవేశపెట్టారు. కొండ మీద లాగా రాకపోకలు, చెత్త సేకరణ ఒకే సంస్థ చేతిలో ఉన్న చోట అలాంటివి బాగా కుదురుతాయి. ఊళ్లో ఆ సంచి మామూలు ప్లాస్టిక్‌తో కలిసిపోతే వేరుచేసేవాళ్లుండరు. కుళ్లాలంటే కావలసిన వేడి, తేమ, సూక్ష్మజీవులు డంపింగ్ యార్డు గుట్టలో సరిగా అందవు.

దుకాణాలు సంచికి డబ్బు తీసుకోవడమే అన్యాయమన్నది మన దగ్గర గట్టిగా వినిపించే అభ్యంతరం. వేల రూపాయల సరుకు కొన్నవాడికి సంచి ఇవ్వలేరా అంటారు. 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక పెద్ద రిటైల్ సంస్థ కేసులో తీర్పిస్తూ, ముందుగా చెప్పకుండా తీరా డబ్బు కట్టే చోట సంచి ధర వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అంది. ఈ తీర్పు సారం ధర పెట్టొద్దని కాదు, కొనేవాడు నిర్ణయించుకోకముందే చెప్పమని. గుమ్మం దగ్గరే బోర్డు ఉంటే ఇంటికో బండికో వెళ్లి సంచి తెచ్చుకునే వీలుంటుంది. దుకాణం పేరు అచ్చేసిన సంచిని కొనేవాడికే అమ్మి, తన ప్రచారం ఊరంతా మోయించుకోవడం మాత్రం తప్పే. పేరు లేని సంచి అమ్మాలి, లేదా పేరున్నదాన్ని తిరిగిస్తే డబ్బు వెనక్కివ్వాలి. సంచి అమ్మకం దుకాణానికి లాభమైనంత కాలం, వాడకం తగ్గించాలని దానికి ఎందుకుంటుంది?

రెండో అభ్యంతరం చెత్తబుట్ట గురించి. కవర్లు రాకపోతే చెత్త దేంట్లో వేస్తాం, మళ్లీ నల్ల కవర్లు కొనాలి కదా అంటారు. ఇందులో నిజం ఉంది. కాలిఫోర్నియా పట్టణాల నిషేధాల మీద 2019లో వచ్చిన పరిశోధన ప్రకారం తగ్గిన ప్లాస్టిక్‌లో సుమారు 28 శాతం, చెత్త సంచుల కొనుగోళ్లు పెరిగి మళ్లీ వెనక్కొచ్చింది. అయినా 70 శాతానికి పైగా నికరంగా మిగిలింది. పైగా తడి చెత్త, పొడి చెత్త వేరుగా బండికిచ్చే ఊళ్లలో బకెట్‌కు కవరు తొడగాల్సిన పని లేదు, బకెట్ కడుక్కుంటే సరిపోతుంది. మూడో అభ్యంతరం మరీ బలమైనది: సంచి లోపల ఉన్న బిస్కెట్లు, నూనె, పప్పు, చిప్స్ అన్నీ ప్లాస్టిక్ పాకెట్లలో ఉంటే, బయటి సంచి మీద ఇంత గొడవెందుకు? ఆ పాకెట్ల చెత్త పెద్దదే, దానికి తయారీదారుల మీద వేరే బాధ్యత పెట్టాలి. కానీ సరుకు చెడకుండా నెలల తరబడి కాపాడే పాకెట్‌కూ, దుకాణం నుంచి ఇంటిదాకా అరగంట మోసే సంచికీ తేడా ఉంది. మొదటిదానికి మార్గం వెతకాలి, రెండోదానికి మార్గం చేతిలోనే ఉంది. తేలికైన పని ముందు చేయడం కష్టమైనదాన్ని వదిలేయడం కాదు.

కాబట్టి సూపర్ మార్కెట్లను అడగాల్సింది ఏ రకం సంచి ఇస్తున్నారని కాదు, ఎన్ని ఇస్తున్నారని. వాళ్లు చేయగలిగినవి తేలికైన పనులే. సరుకు దిగిన ఖాళీ అట్టపెట్టెలను కౌంటర్ పక్కన పేర్చి ఉంచితే కారులో వచ్చినవాళ్లు వాటిలో వేసుకుపోతారు. గుప్పిట్లో పట్టేలా మడిచే గట్టి గుడ్డ సంచి అమ్మితే బండి డిక్కీలోనో హ్యాండ్‌బ్యాగులోనో ఎప్పుడూ ఉంటుంది. అది తయారుచేసే పని స్వయం సహాయక సంఘాలకు ఇవ్వొచ్చు. మర్చిపోయి వచ్చినవాళ్లకు డిపాజిట్ తీసుకుని సంచి ఇచ్చి, తిరిగిస్తే డబ్బు వాపసు చేస్తే ఒకే సంచి పదిళ్లు తిరుగుతుంది. ఇవన్నీ చేశారో లేదో తెలిపే అంకె వాళ్ల బిల్లింగ్ యంత్రంలో ఇప్పటికే ఉంది, ఎందుకంటే సంచి కూడా ఒక సరుకుగానే బిల్లెక్కుతోంది. నూరు బిల్లులకు ఎన్ని సంచులు అమ్మారో ప్రతి ఏడాదీ గుమ్మం దగ్గర రాసిపెట్టాలని మున్సిపాలిటీ ఆదేశిస్తే చాలు. ఆ అంకె తగ్గుతూ వస్తే ఆ దుకాణం ప్లాస్టిక్ మీద నిజంగానే పోరాడుతున్నట్టు. తగ్గకపోతే సంచి కాగితందైనా గుడ్డదైనా, దాని మీద ఎన్ని ఆకు బొమ్మలున్నా, అది పాత చెత్త బదులు కొత్త చెత్త అమ్ముతున్నట్టు.